ఊరిని దేశమనే చోట

హైదరాబాద్ పాతబస్తీ, జహనుమాల మా గల్లీ మొదట్ల ఒక చాయ్ హోటల్ ఉంది. అక్కడ కూసున్నప్పుడు ఎవరో ఒకరు అడుగుతరు. "ఇండోనేషియాల రెండేండ్లు ఉండి వచ్చినవట గదన్నా, సముద్రం ఒడ్డున మస్తు మజా ఉంటదట." నేను తలూపుత. ఆ దేశం సముద్రాన్ని నేను విమానం కిటికీలకెళ్లి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి చూసిన. అంతే. నేనున్న ఊరి నుంచి సముద్రం చేరాలంటే ఒక పూట పడవ మీద, ఒక పగలు బస్సుల పోవాలె. ఆ ఊరోళ్లల్ల సగం మంది పుట్టినప్పటి సంది సముద్రం చూసినోళ్లు కాదు.

ఆ ఊరి గురించి నన్ను ఎవరూ అడగలె. అడగకున్నా రాస్తున్న. ఊరి పేరు మాత్రం రాయను, మనుషుల పేర్లు రాయను. వాళ్లు నన్ను రాయమని చెప్పలె గనక.

మాది క్రైస్తవ కుటుంబం. మా నాయిన రైల్వేల ఫిట్టర్‌గ చేసి రిటైరైండు. నేను ఐటీఐ చదివి, బాయిలర్ నడిపే సర్టిఫికెట్ తీసుకుని, కాటేదాన్‌ల ఒక నూనె మిల్లుల పదకొండేండ్లు పనిచేసిన. ఆ మిల్లు మూతపడ్డది. ఆర్నెల్లు ఇంట్ల కూసున్న. పొద్దున లేస్తే ఎటు పోవాల్నో తెల్వక, మా పాపను బడిల దింపి, ఎండల నడుసుకుంట ఫలక్‌నుమా స్టేషన్ దాక పోయి వస్తుంటి. గప్పుడే తెలిసినాయన ఒకరు చెప్పిండు, ఇండోనేషియాల పామాయిల్ మిల్లుకు బాయిలర్ నడిపేటోళ్లు కావాల్నని. మా ఇంటామె పొమ్మనలె, వద్దనలె. బియ్యం ఏరుతుండె, ఏరుకుంటనే ఉన్నది. నేను పోయిన.

బోర్నియో అని పెద్ద దీవి ఉంటదని బడిల చదివినం గదా. దాంట్లె ఇండోనేషియాకు చెందిన భాగాన్ని కాలిమంతన్ అంటరు. ఆ కాలిమంతన్ లోపల, నది పక్కన మా మిల్లు. మిల్లు చుట్టూ కంటికి ఆనినంత దూరం పామాయిల్ చెట్లు, ఒక్క తీరుగ, వరుసకు వరుస. నేను పోయేటప్పటికి మాకు క్వార్టర్లు కట్టలె. తతిమ్మా ఇండియా స్టాఫ్ గంట దూరంల చిన్న టౌన్ ఉంటే అక్కడుండె. బాయిలర్ మనిషి దగ్గర్ల ఉండాలె, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలె. అందుకని నదికి అవతలి ఒడ్డున ఉన్న ఊళ్లె నాకొక గది చూసిన్రు.

ముప్పై ఒక్క ఇండ్లు. అన్నీ కట్టెవే, మనిషెత్తు గుంజల మీద నిలబెట్టినవి. ఇంటి కింద పందులు, కోళ్లు, బోర్లించిన పడవలు. ఇండ్ల నడుమ మట్టి బాట లేదు, పలకలు పరిచిన బాట. వానకాలం ఆ పలకల కింద నీళ్లు ఆడుతుండె. ఆ కొసకు కట్టె చర్చి, ఈ కొసకు రెండు గదుల బడి. నడుమ ఒకటే దుకాణం. దాంట్లె ఉప్పు, సబ్బులు, ఎండు చేపలు, సీసాలల్ల పెట్రోలు. ఊరెనక రబ్బరు చెట్లు, వాటెనక గుట్ట మీద కొండవరి పండించే చెల్కలు. రోడ్డు లేదు. నదే రోడ్డు. బడికి పోవాలన్నా దవాఖానకు పోవాలన్నా, పెండ్లైన పిల్ల అత్తగారింటికి పోవాలన్నా పడవే.

మొదటి నెల నోరు లేనోని లెక్క ఉన్న. తర్వాత ఒక్కొక్క మాట చెవుల పడుతుంటే ఆశ్చర్యమైంది. కుర్చీని కుర్సీ అంటరు. సబ్బును సాబున్ అంటరు. లోకాన్ని దునియా అనే అంటరు. బాగున్నవా అని అడగాలంటే "ఏం ఖబర్" అన్నట్టె అడుగుతరు. పాతబస్తీల పుట్టినోనికి ఇవన్నీ ఇంటి మాటలే గదా. ఫికర్ అనే మాట గూడ ఉంది వాళ్లకు, పికిర్ అంటరు, గాని దాని అర్థం రంది కాదు, ఆలోచన. పంతులమ్మను గురు అంటరు. అన్నిటికంటె వింత, ఊరిని దేసా అంటరు. మన దేశమే ఆ మాట. "మీ దేశంల ఎన్ని ఇండ్లు?" అని నన్ను అడిగినప్పుడు నేను ఏం చెప్పాల్నో తెల్వక నవ్విన.

నేనున్న ఇంట్ల ముగ్గురు. ఇంటాయన అరవై దాటినోడు. పొద్దున రబ్బరు పాలు తీస్తడు, పగటీలి పడవలు చేస్తడు. పెద్దోళ్లను వాళ్లు బపాక్ అని పిలుస్తరు. నేను బాపు అన్న. ఆయనకు తేడా తెల్వలె, పలికిండు. ఆయన భార్యను నేను అమ్మ అనే పిలిచిన. ఆమె తక్కువ మాట్లాడుతది. ఆకు, వక్క, సున్నం పొద్దుమాపు నోట్లె ఉండాలె. నేను గూడ పాన్ తినేటోన్నే గనక ఆమెకు నా మీద జర ప్రేమ. వాళ్ల బిడ్డ ఆ ఊరి బడిల పంతులమ్మ. మొగడు దూరంల గనిల పనికి పోయి మల్ల రాలె. ఆమెకు ముప్పై ఏండ్లుంటయి. ఊరందరు గురు అంటే నేను గూడ అట్లనే పిలిచిన. పెద్దోళ్ల మాట అర్థం కాకుంటె నాకు, నా మాట అర్థం కాకుంటె పెద్దోళ్లకు ఆమెనే చెప్పేది.

పొద్దుగాల నది ఒడ్డున దుంగలు కట్టి తేలేసిన తెప్ప మీద అందరం తానం చేస్తుంటిమి. అక్కడనే బట్టలుతుకుడు, అక్కడనే బియ్యం కడుగుడు, అక్కడనే పండ్లు తోముకునుడు. ఆడోళ్లకు ఒక తెప్ప, మొగోళ్లకు ఒక తెప్ప. నీళ్లు చాయ రంగుల ఉంటయి గాని తేటగ ఉంటయి. దోసిట్ల పడితే అడుగున గీతలు కనపడుతుండె. ఒకనాడు బాపు ఆ తెప్ప మీదనే కూసుని అడిగిండు.

"మీ ఊళ్లె నది ఉందా?"

"ఉంది. మూసీ అంటరు."

"ఎంత పెద్దగుంటది?"

"దీనిల సగం గూడ ఉండది."

"చేపలేం దొరుకుతయి?"

"చేపల్లేవు బాపు. దాంట్లె ఎవరూ దిగరు. వాసనొస్తది. వంతెన మీదికెళ్లి పోయేటప్పుడు ముక్కు మూసుకుంటం."

ఆయన నా దిక్కు చూసిండు. నేను పరాచికం చేస్తున్న అనుకున్నడు. కాదని తెలిసినంక పండ్లు తోముకునుడు ఆపిండు. "అంతమంది ఉండంగ," అన్నడు, "ఒక్కరు గూడ అడ్డం పోలేదా?"

ఆయన పడవ చేస్తుంటే చూసుడు నాకు ఇష్టం. ఒక్కటే మొద్దును లోపల తొలిచి, కింద సన్నటి మంట పెట్టి, పక్కలను మెల్లమెల్లగ విచ్చదీస్తడు. ఎక్కువ కాలితే పలుగుతది, తక్కువైతే విచ్చదు. చెవి పెట్టి వింటడు. కట్టె చెప్తదట ఇగ చాలని. నేను ఆయనకు ధూల్‌పేట్ సంగతి చెప్పిన. మా అమ్మమ్మోళ్లు ఆ దిక్కే ఉండేటోళ్లు, చిన్నప్పుడు పోతే గల్లీ నిండ గణపతి బొమ్మలు రంగులు వేయకుంట తెల్లగ నిలబడి ఉంటుండె. నెలల తరబడి చేసి, పూజలు చేసి, ఆఖరికి నీళ్లల్ల ముంచుతరని చెప్తే బాపు మస్తు నవ్విండు. "నేను నీళ్ల మీద తేలాల్నని చేస్త, మీవోళ్లు మునగాల్నని చేస్తరు," అన్నడు. ఆయన అంతగ నవ్వంగ నేను మల్ల చూడలె.

ఊరికి పైన, నది మలుపు దగ్గర వాళ్ల తోట ఉండె. తోట అంటే కంచె వేసి పెంచింది కాదు. ముత్తాతల కాలంల ఊరు అక్కడ ఉండెనట. ఊరు కిందికి జరిగినంక పాత ఇండ్ల చోట పండ్ల చెట్లు మిగిలినయి. పనస లెక్క ముండ్లుండి వాసనొచ్చే పండ్ల చెట్లు, అడవి మామిళ్లు, ఇంకా తెంగ్‌కావాంగ్ అనే పెద్ద పెద్ద చెట్లు. ఆ చెట్టు ఏటా కాయది. మూడేండ్లకో నాలుగేండ్లకో ఒకసారి కాస్తది. కాయకు రెక్కలుంటయి, గిర్రున తిరుక్కుంట కింద పడ్తది. దాని పప్పు నుంచి తీసే నూనె వెన్న లెక్క గడ్డకడ్తది. వేడి అన్నంల వేసుకుని తింటరు. నేను పోయిన ఏడే అది కాసింది. ఊరు ఊరంత గంపలు పట్టుకుని తోటల పడ్డది. బడికి సెలవిచ్చిన్రు. నేను నా సెలవు రోజు పోయి ఏరిన. అమ్మ ఒక్కొక్క చెట్టును చూపించి, ఇది ఫలానా తాతది, ఇది ఫలానా ముత్తవ్వది అని చెప్పింది. వాళ్లను అక్కడనే బొంద పెట్టిన్రట. ఆమె తన తమలపాకు తీగలు గూడ అక్కడనే పారిచ్చుకున్నది.

ఆ తోటనే మా మిల్లుకు కావాల్సి వచ్చింది.

పామాయిల్ మిల్లుల గెలలను ఆవిరిల ఉడికిస్తరు. ఉడికించి పిండినంక మిగిలే నీళ్లు నల్లగ, చిక్కగ, పుల్లటి కంపు కొట్టుకుంట ఉంటయి. వాటిని నదిల ఇడువొద్దు. వరుసగ చెరువులు తవ్వి, ఒకదాంట్లకెళ్లి ఒకదాంట్లకు మెల్లగ పారిచ్చి, మురగబెట్టి సాఫ్ చేయాలె. మా మిల్లుకు మూడు చెరువులుండె. మూడూ నిండినయి. గెలలు ఎక్కువైతున్నయి, వానకాలం వస్తున్నది. నాలుగో చెరువుకు మా దిక్కు ఒడ్డున జాగ లేదు, అంత పామాయిల్ చెట్లే, కంపెనీ ఒక్క చెట్టు తీయనియ్యది. అవతలి ఒడ్డున మలుపు దగ్గర జాగ ఉంది, పైపు వేసి నీళ్లు దాటిస్తమన్నరు.

మా మేనేజర్ మన దేశపాయనే. ఒకనాడు నన్ను క్యాబిన్‌కు పిలిచి కూసోమన్నడు. అంతకు ముందు ఎప్పుడూ కూసోమనలె. "నువ్వు వాళ్లింట్లనే ఉంటున్నవు, వాళ్లు నిన్ను నమ్ముతరు. జాగ ఇయ్యమని ఊరోళ్లతోని మీటింగ్ పెడ్తున్నం, ఆ రోజు జర పక్కన ఉండు, చాలు," అన్నడు.

"సార్, చెరువు అడుగున షీట్ వేస్తున్నరా?" అని అడిగిన. మట్టి కట్టకు లోపలి నుంచి మందం ప్లాస్టిక్ షీట్ పరవాలె, లేకుంటె అది వానకు ఆగది. ఇది నాకు కాటేదాన్‌ల ఉన్నప్పటి సంది తెల్సిందే.

"ఈ ఏడు రాదు. వచ్చే బడ్జెట్ల చూస్తరు," అన్నడాయన. అని కంప్యూటర్ దిక్కు తిరిగిండు.

మీటింగ్ ఆదివారం పెట్టిన్రు, ప్రార్థన అయినంక, చర్చిలనే. దానికి ముందు రోజు పొద్దున బాపు, నేను తెప్ప మీద ఉన్నం. ఊళ్లె ఆయనే పెద్దమనిషి, ఆయన జాగ కాగితం మీద సంతకం పెడితే ఊరంత పెడ్తది. పెట్టకుంటె ఎవరూ పెట్టరు. అది అందరికీ తెల్సు. ఆయన పానం బాగలేనోని లెక్క మెల్లగ నీళ్లు పోసుకుంటున్నడు.

"నువ్వు ఆ మిషన్ల నడుమ పనిచేసేటోనివి," అన్నడు. "చెరువు కట్టినంక నీళ్లు మంచిగ ఉంటయా?"

నేను ఆయన ముఖం చూడలె. నా కాలి కింద దుంగ మీద పాకురు పట్టి ఉండె, అది చూసిన. అప్పటికి నా కాంట్రాక్టు ఇంకా పదకొండు నెలలున్నది. గాని ఆ క్షణంల నాకు కాంట్రాక్టు యాదికి రాలె, మా ఇల్లు యాదికి రాలె. ఎవరూ నన్ను బెదిరియ్యలె. ఒక పెద్దమనిషి అడిగిండు, ఆయనకు నచ్చే మాట నా నోట్లె తయారుగ ఉన్నది. కష్టమైన మాట చెప్పాలంటే వాళ్ల భాషల నాకు మాటలు ఎతుక్కోవాల్సి వస్తది. తేలికైన మాట, అవుననేది, ఒక్కటే అక్షరం.

"యా," అన్న. "మంచిగనే ఉంటయి బాపు."

ఆయన తలూపి, నీళ్లు పుక్కిలించి ఉమిసి, పైకెక్కి పోయిండు.

ఆ మధ్యాహ్నం వంటింట్ల అమ్మ, బిడ్డ మాట్లాడుకుంటున్నరు. వాళ్ల ఇంటి భాష నాకు సగమే అర్థమైతది. అమ్మ గొంతు లేవదీయదు. గాని ఆనాడు ఆమె నన్ను చూసి, నాకు తెలవాల్నని, అందరికీ తెలిసే భాషల మొగనితోని అన్నది. "నువ్వు అడిగింది వాళ్ల దగ్గర పనిచేసేటోన్ని. ఆయన ఏం చెప్తడు మరి?"

బాపు చెయ్యి కడుక్కుని లేచిండు. నేను అన్నం తినుకుంట ఉన్న.

ఆదివారం అందరు సంతకాలు పెట్టిన్రు. సంతకం రానోళ్లు వేలిముద్ర వేసిన్రు. నేను పక్కన నిలబడ్డ, చెప్పినట్టె. గురు వెనక బెంచీల కూసుని తల వంచుకున్నది. అమ్మ రాలె.

వారంల మిషన్లు పడవల మీద దిగినయి. చెట్లు కొట్టే రోజు బాపు నన్ను వెంట తీసుకుపోయిండు. ఆయన కంపెనీ మనుషులను ఒక్కటే అడిగిండు, తన తాత పేరు మీద ఉన్న తెంగ్‌కావాంగ్ మొద్దు తనకు ఇయ్యాల్నని. పడవ చేసుకుంటనన్నడు. సూపర్‌వైజర్ సరే అన్నడు, మంచిగనే మాట్లాడిండు. బాపు అడుగులతోని కొలుసుకుని, ఎక్కడి దాక కావాల్నో కత్తితోని గీత పెట్టుకున్నడు. మేం అన్నం తిందామని ఇంటికి వచ్చినం. తిరిగి పోయేసరికి కోతోళ్లు ఆ మొద్దును తతిమ్మా మొద్దుల లెక్కనే అవతలి ఒడ్డున మిల్లు లారీకి పట్టే కొలతకు నాలుగు తుండ్లు చేసిన్రు. సూపర్‌వైజర్ వాళ్లకు చెప్పనే లేదు. వాళ్లు ఎక్కడోళ్లో, వేరే దీవి నుంచి వచ్చిన కూలోళ్లు. "మాకు తెల్వదు పెద్దాయనా, ఏది కావాల్నో తీసుకపో," అన్నరు. నాలుగు తుండ్లల్ల ఏదీ పడవకు రాదు. బాపు ఒక తుండు మీద కూసున్నడు. కోసిన చోట చెయ్యి పెట్టి చూసిండు, తడిగ ఉన్నది. "పోదాం," అన్నడు.

చెరువు తవ్వుడైంది. వానలు షురూ అయినయి. మూడో వారంల ఒక పొద్దున నేను తానానికి దిగుతుంటే పిల్లలు కేకలు పెట్టుకుంట ఒడ్డు పొంట ఉరుకుతున్నరు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుసుకుని ఉన్నయి. చేత్తోని పట్టుకోవచ్చు. ఊళ్లె వాళ్లంత గంపలు తెచ్చిన్రు, దుప్పట్లు తెచ్చిన్రు, నవ్వుకుంట ఏరిన్రు. తెంగ్‌కావాంగ్ కాసిననాటి లెక్కనే ఉండె. నాకు మాత్రం కంపు ముందుగాల్నే తెల్సింది. ఆ వాసన నా బట్టలకు రోజూ అంటేదే. రాత్రి కట్ట తెగిందని మిల్లుకు పోయినంక తెల్సింది. పగటీలి కల్లా నది నల్లగ అయింది. చేపలు గంపల్లనే మురిగినయి. మాపటికి ఊరంత వాటిని బొందలు తీసి పూడ్చిన్రు.

ఆ తర్వాత తానం చేసినోళ్లకు ఒంటి నిండ దద్దుర్లు లేచినయి. అమ్మ కాళ్లు మోకాళ్ల దాక పుండ్లైనయి. కంపెనీ రెండు నెలలు డబ్బాలల్ల నీళ్లు పంపింది, మల్ల పంపలె. కట్టను మట్టితోనే పూడ్చిన్రు, రెండు వానలకు మల్ల తెగింది. ఆ పొద్దు ఎవరూ ఒడ్డుకు ఉరుకలె.

గురు ఒక సీసాల నల్ల నీళ్లు పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయింది. పోవుడు ఒక రోజు, రావుడు ఒక రోజు. సీసా తీసుకుని, టెస్టుకు పంపుతమన్నరట. నెలైనంక పోయి అడిగితే, ఆ సీసా ఎవరు తీసుకున్నరో తెల్వదన్నరట. మల్ల పట్టుకపోయింది. మూడోసారి పోయినప్పుడు నేను గూడ తోడు వస్తనన్న. ఆమె నా దిక్కు చూసి మెల్లగ చెప్పింది. "మీరొస్తే, కంపెనీ మనిషే వచ్చిండంటరు. అప్పుడు మా మాట ఇంకా వినరు." కోపంగ అనలె. నిజం గనక అన్నది. మూడోసారి గూడ ఉత్త చేతులతోనే వచ్చింది. ఆ తర్వాత పోలె. బడిల పిల్లలు తగ్గుతున్నరు, తొమ్మిదిమంది మిగిలిన్రు. తొమ్మిదిమందికి పంతులమ్మ ఎందుకని పైవాళ్లు ఉత్తరం పంపిన్రు.

ఇంటికొక పడవ నిండ సామాన్లు వేసుకుని జనం పోవుడు మొదలుపెట్టిన్రు. ఎటు పోతున్రంటే, మిల్లు కూలోళ్లకు వరుసగ కట్టిన గదులకే, వాటిని కూలి లైన్లంటరు. అక్కడ నల్లా ఉంది గనక. చెట్ల కింద రాలిన పామాయిల్ పండ్లు ఏరే పని ఉంది గనక. ఖాళీ ఇంటి పలకలు ఊడదీసుకుని కొందరు అమ్ముకున్నరు. ఇండ్లు పోయిన చోట గుంజలు మాత్రం నిలబడి ఉండె.

నా కాంట్రాక్టు అయిపోయే ముందు రోజు, పగటీలి, బాపు ఇంటి కింద కూసుని పాత పడవకు అతుకు వేస్తున్నడు. కొత్త పడవలు చేసుడు ఆయన ఎప్పుడో ఆపిండు. నేను పోయి ఎదురుంగ కూసున్న. ఎట్ల చెప్పాల్నో నాలుగు రోజులు మనసుల అనుకుని పోయిన.

"బాపు, ఆనాడు నువ్వు అడిగినప్పుడు నాకు తెల్సు. కట్ట ఆగదని నాకు తెల్సు."

ఆయన ఉలి పక్కన పెట్టిండు. కోపం రాలె ఆయనకు. నిజంగ తెలుసుకోవాల్నన్నట్టు అడిగిండు. "మరి ఎందుకు చెప్పలె?"

నా దగ్గర ఉన్న ఒకే మాట వచ్చింది. "కాంట్రాక్టు," అన్న. అది అబద్ధమని ఇంతకు ముందే రాసిన, ఆ క్షణంల కాంట్రాక్టు నాకు యాదికే లేదు. గాని ఇంకేం చెప్పాలె.

వాళ్ల భాషల కొంత్రాక్ అంటే గది కిరాయికి తీసుకునుడు గూడ. ఆయన కొంచెంసేపు చూసి, "గది సంగతి ఆలోచించకు," అన్నడు. "నువ్వు ఎన్ని రోజులుంటె అన్ని రోజులు ఉండు. మేం ముగ్గురమే గదా." మల్ల ఉలి తీసుకున్నడు. ఆయనకు నిజంగ అట్లనే అర్థమైందో, ఇగ ఆ ముచ్చట చాలనుకున్నడో, నాకు తెల్వది. అడిగే ధైర్యం కాలె. తెల్లారి పడవెక్కేటప్పుడు అమ్మ బయటికి రాలె. కాళ్లు నొస్తున్నయని గురు చెప్పింది.

ఇంటికొచ్చినంక నెలకోసారి గురు ఫోన్ చేస్తుండె. మా ఇంటామె గూడ పక్కన కూసునేది, భాష రాకున్నా నవ్వేది. మా పాప తన బడి లెక్కల పుస్తకం చూపించేది. ఒకసారి బడి మూసేసిన్రని చెప్పింది. ఇంకోసారి అమ్మను, బాపును కూలి లైన్లకు తీసుకుపోయిన అన్నది. ఫోన్ తిప్పి చూపించింది. సిమెంటు గది, రేకు కప్పు, గోడకు ఆనుకుని బాపు. ఆయన చూపు ఫోన్ దిక్కు లేదు. కింద నేల మీద గదా ఇల్లు, గుంజలు లేవు, ఇంటి కింద కూసోవడానికి చోటు లేక పొద్దంత లోపలనే ఉంటడని చెప్పింది. గురు గూడ పండ్లు ఏరే పనికి పోతున్నది. చేతులు చూపించమంటే చూపించలె.

పోయిన వానకాలంల అమ్మ చనిపోయింది. గురు ఒక్కటే వరుస మెసేజ్ పెట్టింది. తోటల బొంద పెట్టడానికి తోట లేదు, కంపెనీ చూపించిన జాగల పెట్టినం అని. నేను ఆదివారం చర్చిల ఆమె కోసం ప్రార్థన చేయించిన. పాస్టర్ పేరు అడిగిండు. రెండేండ్లు ఆమె చేతి అన్నం తిన్న, ఆమె పేరు నాకు తెల్వది. అమ్మ అని చెప్పిన. ఎవలమ్మ అని ఆయన అడగలె, మా అమ్మనే అనుకున్నడు.

రెండు నెలల కింద నాకు మలక్‌పేటల ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అదే కంపెనీ, నదికి ఇంకా పైన కొత్త మిల్లు, అనుభవం ఉన్న మనిషి కావాలె, జీతం పెంచి ఇస్తమన్నరు. నేను రానన్న. ఎందుకని ఒక్కసారి గూడ అడగలె, సరే అని పెట్టేసిన్రు. ఇప్పుడు నేను ఒక దవాఖానల లాండ్రీ బాయిలర్ నడుపుతున్న, చిన్నది. రానన్న రోజు ఏదో మంచి పని చేసిన్నని అనిపించింది. ఆ తృప్తి పదిరోజులున్నది.

పదకొండో రోజు మా గల్లీలనే నాలుగిండ్ల అవతల ఉండే ఒకాయన వచ్చిండు. నాకంటె ఏడేండ్లు చిన్న, కాటేదాన్‌ల నా కిందనే పని నేర్చుకున్నడు. ఆ ఉద్యోగం ఆయనకు వచ్చింది. అక్కడ ఎట్ల ఉంటది అని అడగడానికి వచ్చిండు. మా ఇంటామె చాయ్ ఇచ్చింది. నేను ఆయనకు అంత చెప్పిన. ఊరు, తోట, చర్చిల సంతకాలు, తెప్ప మీద నేనన్న మాట, నల్ల నీళ్లు. ఏదీ దాచలె. నిన్ను గూడ అడుగుతరు, అప్పుడు నువ్వు చెప్పాలె అన్న.

ఆయన మంచోడే. చాయ్ చల్లారేదాక విన్నడు. నడుమల ఒక్కసారి గూడ ఫోన్ చూసుకోలె.

"అన్నా," అన్నడు ఆఖరికి, "నేను చెప్తే ఆపుతరా వాళ్లు?"

నేను చాయ్ కప్పు పక్కకు జరిపిన.

"ఇంట్ల నాలుగు నెలల సంది ఉత్తగున్న అన్నా. నీకు తెల్వనిదేముంది, నువ్వు గూడ పోయినవు గదా."

"పోయిన," అన్న.

గల్లీల ఎవరో ఉర్దూల కూరగాయల బేరం ఆడుతున్నరు. తర్వాత ఆయన సామాన్ల సంగతి అడిగిండు. ఏ బూట్లు తీసుకుపోవాలె, జరానికి ఏ గోళీలు పెట్టుకోవాలె, దోమతెర ఇక్కడ కొనుక్కోవాల్నా అక్కడ దొరుకుతదా. నేను ఒక కాగితం తీసుకుని అన్నీ రాసిచ్చిన. ఆయన మడతపెట్టి జేబుల పెట్టుకున్నడు.

గడప దాటినంక మల్ల తిరిగి అడిగిండు. "ఉండేందుకు గది కంపెనీనే చూస్తదా అన్నా?"

"చూస్తది," అన్న. "ఊళ్లెనే చూస్తరు. మంచోళ్లే ఉంటరు."